స్వర్గంలో కొలువులు: చైనా దేవతల పదవులు, మన నలకూబరుడి ప్రయాణం

సభకు నమస్కారం.

వంటింటి గోడ దగ్గర మొదలుపెడతాను. చైనా ఇళ్లలో పొయ్యి పైన గోడకి ఒక పటం అంటించడం పాత ఆచారం. చెక్క అచ్చుతో రంగుల్లో ముద్రించిన కాగితం అది. అందులో సర్కారీ ఉద్యోగి టోపీ, పొడుగు అంగీ వేసుకున్న పెద్దమనిషి ఉంటాడు, పక్కన ఆయన భార్య. ఆయనే జావ్ జున్, పొయ్యి దేవుడు. ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టారో, అన్నం ఎవరు పారబోశారో ఏడాది పొడుగునా చూస్తూ ఉంటాడు. వాళ్ల పంచాంగంలో 12వ నెల 23వ రోజు రాత్రి పైలోకానికి వెళ్లి, స్వర్గాన్ని ఏలే యు-హువాంగ్ చక్రవర్తికి ఆ ఇంటి నివేదిక సమర్పిస్తాడు. దక్షిణాది వాళ్లు 24న పంపిస్తారు. వాళ్ల నెల కూడా అమావాస్య దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఆ రోజు మనకి ఇంచుమించు పుష్య బహుళ అష్టమి.

పంపించే పద్ధతి చూడండి. చీకటి పడ్డాక ఇంటి మగవాళ్లు పూజ చేస్తారు. మగవాళ్లు చంద్రుణ్ణి మొక్కరు, ఆడవాళ్లు పొయ్యి దేవుణ్ణి మొక్కరు అని అక్కడ ఒక సామెతే ఉంది. బార్లీ మొలకలూ జిగురు ధాన్యమూ కలిపి కాచిన పాకం ముద్దలు నైవేద్యం పెడతారు. ఉత్తరాది చలికి అవి గాజులా పెళుసుబారి, నోట్లో పెట్టుకోగానే మెత్తబడి పళ్లకి అంటుకుపోతాయి. ఆ పాకాన్ని పటంలోని దేవుడి పెదాలకి కూడా పూస్తారు. పైన చెడ్డమాట చెప్పకుండా నోరు అంటుకుపోవాలని కొందరంటారు, తియ్యటి మాటలే రావాలని ఇంకొందరంటారు. ఆయన గుర్రానికి గడ్డీ, నీళ్లూ పెడతారు. తరవాత పటాన్ని గోడ నుంచి ఊడదీసి కాల్చేస్తారు. పొగతో పాటు ఆయన బయల్దేరాడన్నమాట. "పైకెళ్లి మంచి మాటలు చెప్పు, కిందికొచ్చి క్షేమంగా కాపాడు" అని ఎర్ర కాగితం మీద రెండు పాదాలు రాసి పటానికి అటూ ఇటూ అంటించడం ఆనవాయితీ. సంవత్సరం చివరి రాత్రి కొత్త పటం అంటిస్తే తిరిగొచ్చినట్టు.

మరి ఆ మధ్యలో వారం రోజుల మాటేమిటి? ఇంటి దేవతలంతా పైలోకంలో ఉంటారు, కింద చూసేవాళ్లు లేరు. అందుకే ఉత్తర చైనా పల్లెల్లో ఆ వారంలో పెళ్లిళ్లు చేసేవారు. ముహూర్తం చూడక్కర్లేదు, ఏ రోజైనా ఒకటే. అధికారి సెలవులో ఉంటే నిషేధాలు కూడా సెలవులో ఉన్నట్టే.

నివేదిక తేలికైన వ్యవహారం అనుకోకండి. 4వ శతాబ్దంలో గె హొంగ్ అనే తావో పండితుడు దీనికి లెక్కలు రాసి పెట్టాడు. ఆయన కాలానికి నివేదిక ఏటా కాదు, నెలనెలా, చివరి రాత్రి. పెద్ద తప్పుకి ఆయుష్షులో 300 రోజులు కోత, చిన్న తప్పుకి 3 రోజులు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ వంటింట్లోనే ఉంది. చైనా వాళ్ల 'షెన్' అనే మాటని మనం 'దేవుడు' అని తెలుగు చేస్తాం. చేసిన వెంటనే దారి తప్పుతాం. మన మనసులో విష్ణువో శివుడో మెదులుతారు. అక్కడ షెన్ అంటే చాలావరకు ఒక కొలువు. కుర్చీ శాశ్వతం, అందులో కూర్చునే వ్యక్తి ఎక్కువసార్లు ఒకప్పటి మనిషి. మనకి అవతారం అంటే దేవుడు కిందికి దిగి మనిషవడం. అక్కడ మనిషి చనిపోయి పైకెక్కి నియామకం పొందుతాడు. పొయ్యి దేవుడిదీ అదే కథ. జాంగ్ అనే ఇంటిపేరుగల ఒకడు పెళ్లాన్ని వదిలేసి వేరే ఆమెతో వెళ్లి, ఆస్తంతా పోగొట్టుకుని గుడ్డి బిచ్చగాడవుతాడు. తెలియకుండా పాత భార్య గుమ్మంలోకే వస్తాడు, ఆమె అన్నం పెడుతుంది. చెయ్యి ఎవరిదో గ్రహించిన సిగ్గుతో మండే పొయ్యిలో దూకేస్తాడు. అటువంటివాడికి వంటింటి కాపలా ఉద్యోగం! పుణ్యాత్ముడై ఉండాలన్న నియమం లేదు. బలవంతంగా పోయిన ప్రాణానికి ఒక చోటు చూపించాలి, అంతే.

ఈ భావన తెలుగువాళ్లకి కొత్త కాకూడదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మనీ, మేడారం సమ్మక్క సారలమ్మలనీ, ఊరూరా పేరంటాళ్లనీ, వీరగల్లులనీ చూసినవాళ్లం. మనుషులుగా బతికి, పోయాక దేవతలైనవాళ్లు మనకీ ఉన్నారు. తేడా ఎక్కడంటే, చైనాలో ఆ తరవాతి కాగితాలు ప్రభుత్వం నడిపింది.

సాంగ్ రాజవంశం 1080ల్లో దీనికి స్పష్టమైన నియమావళి పెట్టింది. పేరు లేని గుడికి ముందు రాజముద్రతో ఒక నామఫలకం ఇస్తారు. ఫలకం వచ్చిన గుడిలోని దేవతకి ఆ తరవాతే బిరుదు. మగ దేవతకి మొదట సామంతుడి స్థాయి, తరవాత దొర, ఆ తరవాత రాజు. ఆడ దేవతకి మొదట దొరసాని, తరవాత రాణి. బిరుదుకి ముందు వచ్చే విశేషణం మొదటిసారి రెండక్షరాలు, తరవాత పెంచి నాలుగు. అర్జీ ఊరి నుంచి మొదలై జిల్లాకి వెళ్లాలి. మహిమ నిజమా కాదా అని పక్క జిల్లా అధికారిని పంపి విచారిస్తారు. అతను చెప్పింది నిజమేనా అని ఇంకొకణ్ణి పంపుతారు. ఆ తరవాతే రాజధానికి. పక్క జిల్లావాడే ఎందుకంటే, ఆ ఊరి అధికారికి తన ఊరి దేవత మీద మమకారం ఉంటుంది కాబట్టి. ఇది గట్టిగా ఆలోచించి పెట్టిన పద్ధతి.

కాగితాలు లేకపోతే? 1111లో హుయ్‌జోంగ్ చక్రవర్తి రాజధాని కైఫెంగ్‌లో గుర్తింపు లేని గుళ్లు పడగొట్టించాడు, 1,038. ఫలకం కోసం ఊళ్లు అంత పట్టుపట్టడానికి కారణం ఇది.

ఈ మెట్లన్నీ ఎక్కిన దేవత మాజు. ఫుజియన్ తీరంలో మెయ్‌జౌ అనే చిన్న దీవి. అక్కడ లిన్ ఇంటిపేరుగల ఆడపిల్ల 960లో పుట్టి, పెళ్లి కాకుండానే 987లో పోయిందని సంప్రదాయం. తుఫానులో చిక్కిన పడవల్ని కాపాడుతుందని జాలరులు మొక్కేవారు. 1123లో కొరియాకి వెళ్తున్న రాయబారి ఓడ ఆమె దయవల్లే గట్టెక్కిందని దర్బారుకి చెప్పారు, ఫలకం వచ్చింది. 1156లో దొరసాని. ఆ శతాబ్దం ముగిసేలోపు రాణి. కుబ్లాయ్ ఖాన్ కాలంలో స్వర్గపు రాణి, చింగ్ వంశం వచ్చాక స్వర్గపు పట్టమహిషి. కుబ్లాయ్ మంగోలు, చింగ్ వంశం వాళ్లు మంచూలు, ఇద్దరూ పరాయి పాలకులే. ఆమె పదోన్నతి మాత్రం ఆగలేదు, ఎందుకంటే తీరప్రాంతం చేతిలో ఉండాలంటే జాలరుల దేవతని గౌరవించాలి. ఆరాధించేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఈ బిరుదుల బదులు 'మాజు' అంటారు, అంటే అమ్మమ్మ, నాయనమ్మ లాంటి పిలుపు. 2009లో యునెస్కో ఆమె ఆరాధనని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

గ్వాన్ యు గురించి క్లుప్తంగా చెబుతాను. మూడు రాజ్యాల కాలపు సేనాని, 220 ప్రాంతంలో శత్రువులు తల తీశారు. 1614లో మింగ్ చక్రవర్తి ఆయనకి ఏకంగా 'చక్రవర్తి' బిరుదు ఇచ్చాడు. ఎర్రటి ముఖం, పొడుగు గడ్డం, అర్ధచంద్రాకారపు పెద్ద కత్తి కనిపిస్తే ఆయనే.

ఊరి కోట దేవుడు, ఛెంగ్‌హువాంగ్, ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆ పేరుకి అర్థం 'గోడ, కందకం'. ప్రతి పట్టణానికీ ఒకడు, స్థానికంగా పేరున్న మనిషే చనిపోయాక ఆ కుర్చీలోకి వస్తాడు. కొత్త జిల్లా అధికారి బాధ్యతలు తీసుకునే ముందు ఆ గుడికి వెళ్లి ప్రమాణం చేయాలి. బతికున్నవాళ్ల లెక్క ఇతనిది, చనిపోయినవాళ్ల లెక్క ఆయనది, హోదాలో ఇద్దరూ సమానం. 1369లో మింగ్ వంశ స్థాపకుడు ఈ దేవుళ్లకి రాజధానిలో రాజు, కింది ఊళ్లలో దొర, సామంతుడు అంటూ వరసగా హోదాలిచ్చాడు. మరుసటి ఏడాదే అన్నీ రద్దుచేసి, విగ్రహాల బదులు పేరు రాసిన చెక్క పలకలు పెట్టమన్నాడు. జనం విగ్రహాలు వదల్లేదు.

కొలువు అన్నాక పని చేయకపోతే శిక్ష కూడా ఉంటుంది. వానలు పడకపోతే దేవుడి విగ్రహాన్ని గుళ్లోంచి తెచ్చి ఎండలో కూర్చోబెట్టేవారు. పొలం ఎంత ఎండుతోందో ఆయనకీ తెలియాలిగా. దీన్ని దైవదూషణ అనుకుంటే పొరపాటు. కొలువులో ఉన్నవాణ్ణి పని గురించి నిలదీయడం అది.

దేవుడి జవాబు తెలుసుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. చంద్రవంక ఆకారంలో జత చెక్కలుంటాయి. వాటికి ఒకవైపు చదును, ఇంకోవైపు ఉబ్బు. ప్రశ్న అడిగి నేలమీద వేస్తారు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే 'సరే'. రెండూ ఉబ్బువైపు పైకి పడితే 'వద్దు'. రెండూ చదునువైపు పైకి పడితే దేవుడు నవ్వుతున్నాడు, అంటే ప్రశ్న సరిగ్గా లేదు. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు 'సరే' పడాలి. కొత్తగా అడిగేవాళ్లు చేసే తప్పు ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలపడం. ఏ దానికి జవాబొచ్చిందో తేలదు.

ఇక్కడ సిద్ధుల మాట చెప్పాలి. 'షియెన్' అంటే మృత్యువుని దాటిన సిద్ధుడు. ఆ అక్షరంలో ఎడమన మనిషి, కుడిన కొండ ఉంటాయి. షెన్‌నీ షియెన్‌నీ కలిపేయడం మన దగ్గర రాసేవాళ్లు తరచూ చేసే పొరపాటు. షెన్ కొలువు చేస్తాడు, షియెన్ కొలువు తప్పించుకున్నవాడు. గె హొంగ్ పేరుతో ఉన్న సిద్ధుల చరిత్రల్లో తెల్లరాళ్లు ఉడికించుకుని తినే ఒక ముసలి సిద్ధుడున్నాడు. పైలోకానికి ఎందుకు వెళ్లవని అడిగితే, అక్కడ పెద్దవాళ్లు మరీ ఎక్కువ, వాళ్లందరికీ ఊడిగం చేయడం భూమ్మీదకన్నా కష్టం అంటాడు. ఎనిమిదిమంది ప్రసిద్ధ సిద్ధుల్ని చూసినా ఇదే కనిపిస్తుంది. లీ అనే కుంటివాడికి ఇనప ఊతకర్రా, సొరకాయ బుర్రా ఉంటాయి. జాంగ్ గువో ముసలాయన గాడిదని కాగితంలా మడిచి పెట్టెలో పెట్టుకుంటాడు, కావాలంటే నీళ్లు చల్లి మళ్లీ లేపుతాడు. ఎవరి పటం చూసినా చేతిలో రాజముద్ర ఉండదు, సొంత సామాను ఉంటుంది.

ఇక మనవాడి దగ్గరకి వద్దాం.

పోతన దశమస్కంధం చదివినవాళ్లకి నలకూబరుడు తెలుసు. కుబేరుడి కొడుకు. మదంతో ఒళ్లు మరిచి, నారదుడి శాపంతో తమ్ముడు మణిగ్రీవుడితో పాటు జంట మద్దిచెట్లయ్యాడు. రోటికి కట్టేసిన బాలకృష్ణుడు ఆ చెట్ల మధ్య నుంచి రోలు ఈడ్చుకెళ్తే అవి కూలి శాపం తీరింది. పింగళి సూరన కళాపూర్ణోదయంలోనూ అతనే. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి మనసు రంభతో విమానంలో పోతున్న ఇతని మీద పడుతుంది. సూరనది 16వ శతాబ్దం. సరిగ్గా అదే శతాబ్దంలో చైనాలో అచ్చవుతున్న పురాణకథల్లో ఇదే నలకూబరుడు మూడు తలలూ, కాళ్ల కింద నిప్పుచక్రాలూ ఉన్న కుర్రవాడిగా సముద్రాన్ని అల్లకల్లోలం చేస్తున్నాడు. అక్కడ పేరు నజా.

పేరు ఎలా మారిందో చూడండి. టాంగ్ కాలంలో బౌద్ధ మంత్రగ్రంథాల్ని చైనీసులోకి తెచ్చినవాళ్లలో అమోఘవజ్రుడు (705–774) పెద్దవాడు. ఆ గ్రంథాల్లో మన పేరుని ఐదక్షరాల్లో రాశారు, ఇప్పటి ఉచ్చారణలో 'నాజా జూఫాలో'. టాంగ్ కాలంలో రెండో అక్షరం 'ట'కి దగ్గరగా పలికేది. అంటే 'నళ'లోని ళకారాన్ని పట్టుకునే ప్రయత్నం. తరవాత జనం నోట మూడక్షరాలు రాలిపోయి నజా మిగిలింది.

తండ్రి కుబేరుడు ముందే వెళ్లాడు. అతనికి వైశ్రవణుడని పేరుంది కదా, విశ్రవసు కొడుకు. చైనావాళ్లు అందులో 'శ్రవణం' విని దువో-వెన్ అని అనువదించారు, 'చాలా విన్నవాడు'. ఉత్తర దిక్పాలకుడు కావడంతో అక్కడ సైన్యానికి దేవుడయ్యాడు, ఎందుకంటే దండయాత్రలు ఎక్కువగా ఉత్తరం నుంచే. మధ్య ఆసియా దారిలో అతని చేతికి ఒక చిన్న స్తూపం వచ్చింది. టాంగ్ వంశపు గొప్ప సేనాని లీ జింగ్ (571–649) చనిపోయాక ఆయనకీ గుళ్లు కట్టారు. కాలక్రమంలో ఇద్దరు యుద్ధదేవుళ్లూ కలిసిపోయారు. కుబేరుడు లీ ఇంటిపేరుగల చైనా సేనాని అయ్యాడు, నజా అతని మూడో కొడుకయ్యాడు.

కానీ పాత కుర్చీ ఖాళీ కాలేదు. బౌద్ధాలయాల ముఖద్వారంలో నలుగురు దిక్పాలకుల్లో ఒకడిగా దువో-వెన్ అలాగే ఉన్నాడు. ఒక కుబేరుడు ఇద్దరయ్యాడు, సామాను పంచుకున్నారు. స్తూపం లీ జింగ్‌కి వెళ్లింది. గొడుగూ, ముంగిసో ఎలుకో తెలియని జంతువూ దువో-వెన్‌కి ఉన్నాయి. ఆ జంతువు మన శిల్పాల్లో కుబేరుడి చేతిలో రత్నాలు కక్కే ముంగిసే. ధనం మాత్రం ఇద్దరికీ దక్కలేదు. ఆ శాఖ నల్లపులి మీద తిరిగే జావ్ గొంగ్‌మింగ్‌ది. కాబట్టి చైనా గుళ్లో గొడుగున్న దేవుణ్ణి చూసి డబ్బు కోసం మొక్కితే తప్పు కార్యాలయంలో అర్జీ పెట్టినట్టే.

నజా కథ పూర్తిగా ఉన్నది 'ఫెంగ్‌షెన్ యన్‌యీ'లో, అంటే దేవతా నియామకాల కథ. ఆ గ్రంథం మొత్తం ఒక ఖాళీల జాబితా చుట్టూ తిరుగుతుంది. స్వర్గంలో 365 కొలువులు భర్తీ చేయాలి. షాంగ్, జౌ వంశాల యుద్ధంలో రెండువైపులా చనిపోయినవాళ్లతో భర్తీ చేస్తారు. శత్రువని కోపం లేదు, కుర్చీ నిండాలి.

నజా మూడేళ్ల ఆరు నెలలు గర్భంలో ఉండి మాంసపు బంతిగా పుడతాడు. తండ్రి కత్తితో కోస్తే చేతికి బంగారు కడియం, నడుముకి ఎర్ర పట్టువస్త్రంతో పిల్లవాడు బయటికి దూకుతాడు. ఏడేళ్ల వయసులో స్నానం చేస్తూ ఆ వస్త్రాన్ని నీళ్లలో ఆడిస్తే సముద్రంలో నాగరాజు కోట ఊగిపోతుంది. గొడవలో నాగరాజు మూడో కొడుకుని చంపి, వెన్నునరం లాగి తండ్రికి మొలతాడు చేద్దామనుకుంటాడు. నాగరాజులు తల్లిదండ్రుల మీదికొస్తే, మీరిచ్చిన శరీరం మీకే అని మాంసం, ఎముకలు కోసి తిరిగిచ్చేసి చనిపోతాడు. తండ్రి ఎముక, తల్లి రక్తమాంసం అని మనమూ అనుకుంటాం కదా. ఎముకలు తండ్రికి, మాంసం తల్లికి ఇచ్చిన నజా అసలు రూపం ఏమిటని సాంగ్ కాలపు చాన్ (ధ్యాన బౌద్ధ) గురువులు శిష్యుల్ని అడిగేవారు. కథ అంత పాతది.

పోయాక తల్లి కలలో కనిపించి గుడి అడుగుతాడు. మూడేళ్ల ధూపం అందితే మళ్లీ శరీరం కడుతుంది. ఆరు నెలలకే తండ్రి చూసి, బొమ్మని పగలగొట్టి గుడి తగలబెడతాడు. లెక్క పూర్తి కాలేదు కాబట్టి శరీరం రాలేదు. అప్పుడు గురువు తాయ్-యీ చెరువులోంచి రెండు తామరపూలు, మూడు తామరాకులు తెప్పిస్తాడు. పూల రేకులు విడదీసి పరుస్తాడు, కాడల్ని 300 ముక్కలు విరిచి ఎముకలుగా అమరుస్తాడు, ఆకుల్ని పైన, మధ్య, కింద వేస్తాడు. నడిమధ్య ఒక బంగారు గుళిక పెట్టి, ప్రాణాన్ని పట్టి అందులోకి నెడతాడు. మన సుశ్రుతుడు శల్యతంత్రం ప్రకారం చెప్పిన ఎముకల లెక్కా 300 అని ఈ సందర్భంలో గుర్తొస్తుంది.

తామర శరీరం తల్లిదండ్రులిచ్చింది కాదు, కాబట్టి వాళ్లకి రుణం లేదు. నజా ఈటె పట్టుకుని తండ్రిని చంపడానికి తరుముతాడు. పితృభక్తి అన్నిటికన్నా పెద్ద ధర్మమైన దేశంలో ఈ కథ ఇంతదాకా రావడమే నాకు ఆశ్చర్యం. దాన్ని ఆపడానికి పనికొచ్చింది స్తూపం. లీ జింగ్‌కి ఒక గురువు బంగారు స్తూపం ఇస్తాడు. విసిరితే కొడుకు అందులో ఇరుక్కుంటాడు, లోపల నిప్పు. 'నాన్నా' అని పిలిచేదాకా ఆరదు. మధ్య ఆసియాలో బుద్ధుడి ధాతువు కోసం పట్టుకున్న స్తూపం ఇక్కడ కొడుకుని అదుపులో పెట్టే పరికరమైంది. లీ జింగ్ బొమ్మ ఎక్కడ చూసినా అది చేతిలోనే ఉంటుంది. కింద పెట్టడానికి వీల్లేదు.

మకావులో 1888లో కట్టిన నజా గుడి ఉంది, ఊళ్లో అంటువ్యాధి తగ్గడానికి మొక్కుకుని కట్టారు. తైవాన్‌లో డ్రైవర్లు ఆయన బొమ్మని బండిలో పెట్టుకుంటారు, చక్రాల దేవుడు కాబట్టి.

చివరగా ఒక చోటు చెబుతాను. ఫుజియన్ తీరంలో ఛ్వాన్‌జౌ నగరం, ఒకప్పుడు మన తీరం నుంచి ఓడలు వెళ్లిన రేవు. అక్కడ తమిళ వర్తకులు 13వ శతాబ్దంలో గుడి కట్టారు, 1281 నాటి తమిళ శాసనం దొరికింది. గుడి పోయింది. దాని స్తంభాలు రెండు ఇప్పుడు కైయ్వాన్ బౌద్ధాలయం ప్రధాన మందిరం వెనకవైపు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీది గుండ్రటి చెక్కడాల్లో నరసింహుడున్నాడు, గోపికల చీరలెత్తుకుపోయిన కృష్ణుడున్నాడు. ఒకదానిలో రెండు చెట్ల మధ్య చిన్నికృష్ణుడున్నాడు. ఆ రెండు చెట్లలో ఒకటి నలకూబరుడు. అదే తీరంలో ధూపం అందుకుంటున్న నజా కూడా ఆయనే.